ఇవాంజెలికల్ అంటే ఎవరు? ఆ గీత మన వాడల్లో ఎక్కడ పడింది?

“మీది ఏ సంఘం?” అని అడిగితే మన పేటల్లో లూథరన్ అనో, బాప్టిస్టు అనో, హెబ్రోను అనో, పెంతెకొస్తు అనో చెబుతాం. ఇవాంజెలికల్ అని చెప్పుకునేవాళ్లు తక్కువ. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి పేరులో ఆ మాట ఉంది గానీ, అది జర్మనీ నుంచి వచ్చిన పాత అర్థం, ప్రొటెస్టెంటు అన్నట్టు. ఇప్పటి అర్థం 18వ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికాల్లో వచ్చిన ఉజ్జీవాలది.

చరిత్రకారుడు డేవిడ్ బెబ్బింగ్టన్ 1989లో దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు. బైబిలుదే చివరి మాట. రక్షణకు ఆధారం సిలువ. ప్రతి మనిషీ స్వయంగా మారుమనస్సు పొందాలి. ఆ విశ్వాసం సువార్త పనిలో కనబడాలి. “క్రైస్తవ కుటుంబంలో పుడితే చాలదు, రక్షణ అనుభవం ఉందా?” అని అడిగే సంఘం బోర్డు మీద ఏ పేరున్నా ఈ కోవలోదే.

పుట్టుక చెల్లదనే ఈ మాటకు మన దగ్గర వేరే బలం ఉంది. 1866లో తోలు వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట మాదిగలు రావడం మొదలవగానే ఒంగోలు మిషన్ బడిలోని పైకులాల పిల్లలు వెళ్లిపోయారు. మిషనరీ జాన్ క్లౌ మాదిగలనే చేర్చుకున్నాడు. చేరినవాళ్లకు మూడు కట్టుబాట్లు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి మత నియమాలే. ఊళ్లో మాత్రం ఆదివారం ఆసామి పని ఆగింది, జాతరలో డప్పు ఆగింది. బావి నీళ్లు బందు చేసింది అందుకే. (డప్పు మన చేతిలోంచి జారిపోవడం కూడా ఈ లెక్కలోదే. దాని మీద విడిగా రాయాలి.)

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పని చూపించాడు. కూడు కోసం చేరారనే మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. క్లౌ రెండో భార్య ఎమ్మా, “సామాజిక సువార్త”కు పేరుపడ్డ వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. 20వ శతాబ్దంలో అమెరికా ఇవాంజెలికల్స్‌లో చాలామంది సరిగ్గా ఆ సామాజిక సువార్తనే గీత అవతలికి నెట్టారు. ఆత్మల రక్షణ సంఘం పని, కూలీ, భూమి లోకం పని అన్నారు.

1974లో బిల్లీ గ్రాహం పిలుపుతో జరిగిన లొసాన్ మహాసభలో లాటిన్ అమెరికా బోధకులు రెనే పడీయా, సామ్యుయేల్ ఎస్కోబార్ దీన్ని గట్టిగా ప్రశ్నించారు. సువార్త చెప్పడం, అన్యాయాన్ని ఎదిరించడం రెండూ క్రైస్తవుని బాధ్యతేనని సభ ఒడంబడికలో రాసుకున్నారు. కాబట్టి “సంఘంలో కులం మాట ఎత్తకండి” అనే పాస్టరు ఇవాంజెలికల్స్ సొంత కాగితానికే దూరంగా ఉన్నట్టు.

1980ల్లో అరవింద్ నిర్మల్ వంటివారు దళిత వేదాంతం చెప్పినప్పుడు, పాపాన్ని సమాజం మీదికి నెట్టి సిలువను చిన్నది చేస్తున్నారని ఇవాంజెలికల్స్ అనుమానించారు. సరే, పాపం మనిషి గుండెలోనే ఉందనుకుందాం. మరి సాక్ష్యాల్లో తాగుడు, సినిమాలు ఒప్పుకుంటారు గానీ “నేను కులం చూశాను” అని ఒప్పుకున్నవాళ్లను మనం ఎందరిని విన్నాం? తాగినవాణ్ణి ప్రభువు బల్లకు దూరం పెట్టే సంఘం, మాదిగ అల్లుణ్ణి వద్దన్న పెద్దను ముందు వరుసలో కూర్చోబెడుతుంది.

రెండో గీత ప్రభుత్వానిది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. క్రైస్తవుడైన దళితుడికి మిగిలేది బీసీ-సీ, ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన ఒక పాస్టరుకు అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని ఆయన పెట్టిన కేసు కొట్టేసింది.

విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకో అంటుంది సంఘం. ఒప్పుకుంటే సర్టిఫికెట్ పోతుందంటుంది చట్టం. అందుకే మనవాళ్లలో ఎందరికో సంఘం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో హిందూ మాల, హిందూ మాదిగ. వాళ్లను వేషధారులని పులిపీఠం మీంచి తిట్టే బోధకులు ఆ మూడో పేరా మీద ఇంతవరకూ ఎన్ని ఆదివారాలు ప్రసంగించారో చెప్పాలి.