బూడిద పెట్టిన మెరుగు

ఏ రాష్ట్రంలో స్థిరపడినా తెలుగువారి వంటింట్లో ఊరగాయ జాడీకి ఒక మూల చోటు దక్కుతూనే వచ్చింది. ఆ జాడీ మీది నున్నటి గాజుపూత పనివాడు కావాలని పూసినది. జపాను దేశపు షిగరాకి జాడీల సంగతి వేరు. వాటిలో పేరుపడ్డ పాత జాడీలకు పూత ఎవరూ పూయలేదు. ఆవంలో ఎగిరిన కట్టెల బూడిదే వాటికి మెరుగు పెట్టింది.

షిగరాకి క్యోటో నగరానికి చేరువలో, షిగ ప్రాంతపు కొండల నడుమ ఉన్న ఊరు. జపానులో ఆరు ప్రాచీన కుమ్మరి కేంద్రాలని పేరు పొందినవాటిలో అదొకటి. అక్కడి మట్టి ఏనాడో బివా సరస్సు అడుగున పేరుకొన్నది. దానిలో ఫెల్డ్‌స్పార్ రాతి నలుసులు మెండు. కాలిన తర్వాత అవి బియ్యపు నూక చల్లినట్లు తెల్లగా పైకి తేలుతాయి. మట్టిని తాళ్ళలా పేని, చుట్టు మీద చుట్టు పేర్చి జాడీ లేపేవారు. ఒక్క ఊపున లేపితే బరువుకు కూలిపోతుంది గనుక, కిందిభాగం కాస్త ఆరిన తర్వాతనే పైది కట్టేవారు. ఇదంతా అలంకారానికి కాదు. 14, 15 శతాబ్దాల రైతులు విత్తనాలు, ధాన్యం దాచుకొనేందుకు వాడుకొన్న సామాను అది.

వారి ఆవం గట్టు వాలులో తొలిచిన సొరంగం వంటిది. దానిని అనగమ అంటారు. కింద పొయ్యి, పై కొసన పొగ పోయే దారి. రోజుల తరబడి, రాత్రింబగళ్ళు కట్టెలు వేస్తూనే ఉండాలి. వేడి 1200 డిగ్రీలు దాటుతుంది. మన నీళ్ళ కుండ ఇంతకంటె చాలా తక్కువ వేడిలో కాలుతుంది. అందుకే అది చెమర్చి నీళ్ళను చల్లబరుస్తుంది. షిగరాకి మట్టి మాత్రం రాయిలా బిగుస్తుంది. మంటతోపాటు లేచిన బూడిద జాడీ భుజం మీద వాలుతుంది. బూడిదలోని సున్నం, పొటాషు మట్టిలోని సిలికాతో కలిసి కరిగి గాజవుతాయి. కొద్దిపాటి ఇనుము దానికి ఆకుపచ్చ రంగు ఇస్తుంది. అది పొట్ట మీదుగా ధారలు కట్టి, చివర బొట్టుగా ఆగిపోతుంది. మంటకు పెడగా ఉన్న వైపు ఎర్రగా కాలి ఊరుకుంటుంది. ఒక జాడీవలె మరొకటి ఉండదు.

రైతు ఇంటి ఈ జాడీలపై తేనీటి గురువుల కన్ను పడింది. 1502లో మరణించిన మురత జుకో తన శిష్యునికి రాసిన లేఖలో, నిన్నగాక మొన్న నేర్వ మొదలుపెట్టినవారు బిజెన్, షిగరాకి పాత్రలు చేతబట్టి తామేదో పండిపోయినట్లు నటించడాన్ని గట్టిగా మందలించాడు. ఈ జబ్బు జపానుకే పరిమితమని మేము అనుకోము.

కాలక్రమాన షిగరాకిలో పూత పూసిన సామాన్లదే పైచేయి అయింది. ఇరవయ్యో శతాబ్దంలో ఊరంతా బొగ్గు కుంపట్లు చేసి బతికింది. పాత పెంకుల మీది పచ్చని మెరుగును మళ్ళీ సాధించాలని పట్టుబట్టినవారిలో కోయామ కియోకో అనే ఆమె ఒకరు. 1936లో పుట్టారు. ఇద్దరు పిల్లలను సాకుతూ ఆవం కట్టుకొన్నారు. ఒక్కసారి ముట్టిస్తే కట్టెల సొమ్ము హారతి కర్పూరమే. మెరుగు పట్టకపోతే సరుకు అమ్ముడుపోదు. ఆఫీసులో జమాఖర్చులు రాసుకొనే మా వంటివారికి ఆ లెక్క వింటేనే గుండె ఝల్లుమంటుంది. ఎన్నిమార్లు చెడిపోయినా ఆమె వదలలేదు. చివరకు ఆ మెరుగు పట్టింది.

కుమారుడూ కుమ్మరిపనిలోకే వచ్చాడు. 1990లో అతనికి రక్త క్యాన్సరు బయటపడింది. సరిపోయే ఎముకమజ్జ దాత కోసం తల్లి, ఆమె స్నేహితులు ఊరూరా అర్థించారు. ఆ ప్రయత్నం 1991లో జపానులో మజ్జ బ్యాంకు ఏర్పడడానికి తోడ్పడింది. కుమారుడు 1992లో పోయాడు. బ్యాంకు నిలిచి ఎందరికో దాతలను చూపింది. ఆమె మళ్ళీ ఆవం ముట్టించారు. 2005లో ఆమె కథతో చలనచిత్రం వచ్చింది. 2023లో ఆమె కన్నుమూశారు.

పాత షిగరాకి జాడీలు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూడా ఉన్నాయి. మన పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నవారు ఉంటే, ఒక పూట వెళ్ళి చూడమనండి. ముందు భుజం మీది పచ్చదనం చూచి, తర్వాత చుట్టూ తిరిగి వెనుక వైపు చూడాలి. నాడు మంట ఏ వైపునుంచి వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది.