వ్రాసిన పాట, వినిపించెడి పాట

మన బడిలో ప్రార్థనగీతము నేర్పుచుండగా ఒక తండ్రి నన్ను ఇట్లడిగెను: "అయ్యా, పాట పుస్తకములో నున్నది కదా! పిల్లవాడు చూచి నేర్చుకొనలేడా?" ప్రశ్న చిన్నదే, కాని దీనికి సమాధానముగా సంగీతజ్ఞులైన పెద్దలు గ్రంథములే వ్రాసియున్నారు.

పాశ్చాత్యుల సింఫొనీ పెక్కు వాద్యములు కలసి వాయించెడి దీర్ఘరచన. సాధారణముగా నాలుగు భాగములు గలది. వాద్యకారులందఱిని ఒక్కత్రాటిపై నడుపువాడు కండక్టరు. అట్టివారిలో ఫెలిక్స్ వైన్‌గార్ట్నర్ (1863–1942) ప్రసిద్ధుడు. బీథోవెన్ సింఫొనీలను వాయించు విధమును గూర్చి ఆయన 1906లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇందు విచారింపవలసిన దేమి? బీథోవెన్ కాలపు కొమ్మువాద్యములు అన్ని స్వరములను చక్కగా పలుకజాలవు. అయిదవ సింఫొనీ మొదటి భాగమున కొమ్ములు పలికిన పిలుపు మరల వచ్చునపుడు బసూనను వేఱొక ఊదువాద్యమునకు ఇయ్యబడుటకు ఇదియే కారణమని సామాన్యముగా చెప్పుదురు. కొమ్ములకు మీటలు అమరిన పిమ్మట ఆ పిలుపును కొమ్ములకే ఇయ్యవలెనా? వ్రాసినట్లే యుంచవలెనా? ఇట్టి చోట్ల కండక్టరు కర్త యుద్దేశమును యోచించి నిర్ణయింపవలెను. అంతియే కాని, తన గొప్ప చూపుటకై లయను ఇచ్చవచ్చినట్లు మార్చుట తగదని వైన్‌గార్ట్నర్ 1895 నాటి రచనలో ఖండించెను.

మన సంగీతమున కండక్టరు లేడు. ఆ స్థానము గురువుది. అయినను వ్రాతకును పాటకును గల దూరమును తగ్గింప యత్నించిన మహనీయుడు మనకును కలడు. ఆయన ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడు, ఎట్టయపురము ఆస్థాన విద్వాంసుడు అగు సుబ్బరామ దీక్షితులు (1839–1906). పాశ్చాత్య స్వరలిపి నెఱిగిన చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహమున ఆయన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని రచించెను. అది 1904లో ముద్రితమయ్యెను.

స, రి, గ, మ అని అక్షరములు వ్రాసినంతనే రాగము పుట్టదు. తోడిలోని గాంధారమును కదల్పక నిలిపి పాడినచో అది తోడి యనిపింపదు. కావున దీక్షితులు స్వరము ఊగుటకు ఒక గుర్తు, జారుటకు ఒక గుర్తు, ఇట్లు గమకములకు చిహ్నములను ఏర్పఱచి స్వరములతో చేర్చి ముద్రింపించెను. అయినను ఎంత ఊగవలెనో గుర్తు చెప్పజాలదు. అది గురుముఖముననే తెలియవలెను.

ఆ తండ్రికి నేను చెప్పిన సమాధానమిదియే: పుస్తకము లేనిచో పాట చెదరును, గురువు లేనిచో పుస్తకము పలుకదు. రెండును వలయును.

ఇంకొక సంగతి. తమిళదేశమున వెలసిన ఆ గ్రంథము తెలుగున వ్రాయబడినది. తమిళ సోదరులు దానిని ఎంతో శ్రమపడి తమ భాషలోనికి మార్చుకొనిరి. పుదుచ్చేరి ప్రాంతమున మన తెలుగువారము కొలదిమందిమే, "ఇంటిలో మాటలాడుటకు వచ్చినది చాలదా, తెలుగు చదువెందుకు?" అని మనలోనే కొందఱందురు. తెలుగు మాటలాడుట మాత్రమే వచ్చి, చదువ నేర్వని బిడ్డకు ఆ గ్రంథము మూసిన తలుపే. దినమునకు ఒక్క పుటయైనను బిడ్డచే బిగ్గరగా చదివించి, మీరు కూర్చుండి వినుడు. తక్కిన పని మేము చేసెదము.