ఊరూ పేరూ లేని కల్లు

ఇటలీ దేశమున ద్రాక్షాసవమునకు ఊరి పేరే ఇంటిపేరు. పీడ్మాంటు సీమలో బరోలో, టస్కనీ సీమలో కియాంటీ. పేరుపడిన చోట నకిలీ పుట్టును గనుక, టస్కనీ ప్రభువు మూడవ కాసిమో 1716లోనే కియాంటీ మొదలైన నాలుగు ప్రాంతములకు ఎల్లలు నిర్ణయించి శాసనము చేసెను.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలకును తమ ఆసవము కలదు. అది కల్లు. ఈతకల్లు చలికాలపుది, తాటికల్లు వేసవిది. తాళ్లలో మగది పోద్దాడు, ఆడది పండుతాడు. దేని రుచి దానిదే. గౌడు మోకు, ముత్తాదు పూని చెట్టెక్కి, గీత గీసి, లొట్టి కట్టును.

ద్రాక్షాసవము ఏండ్లు నిలుచును. కల్లు ఒక్కనాటికే పులిసిపోవును. చెట్టు నీడయే దాని అంగడి. త్రాగువాడు గీసినవానిని ఎరిగియుండును. అందుచే దానికి వేరొక పేరు అక్కరలేకపోయినది.

చెట్లు తరిగి గిరాకి పెరిగినచోట ఆ ఎరుక తెగినది. నీటిలో క్లోరల్ హైడ్రేటు, అల్ప్రజోలము వంటి మత్తుమందులు కలిపి కల్లని అమ్మసాగిరి. 2015లో ప్రభుత్వము కల్తీని అరికట్టగా, నాటి నిజామాబాదు జిల్లాలో ఆ మత్తునకు అలవడినవారు అది దొరకక మతి చలించి ఆస్పత్రుల పాలైరి.

కియాంటీ అను పేరు, ఆ రసమునకు ఎవరు పూచీయో చెప్పును. మన లొట్టికిని చెట్టు పేరు, ఊరి పేరు, గీసినవాని పేరు తోడైననాడు, ప్రాణమునకు తెగించి చెట్టెక్కు గౌడునకు మన్నన, త్రాగువానికి అభయము కలుగును.