మసక పేల్ ఏల్: ధాన్యం నాణ్యత నేర్పే పాఠం

బార్లీకి వేసే నత్రజని మోతాదు దిగుబడినే కాక, ఆ గింజతో తయారయ్యే బీరు స్వభావాన్ని కూడా ప్రభావితం చేస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రూపుదిద్దుకొని, న్యూ ఇంగ్లండ్ శైలిగా పేరొందిన మసక పేల్ ఏల్ ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడ 1978 నాటి ఫెడరల్ చట్టం సొంత వాడకానికి ఇంట్లో చేసుకునే బీరును పన్ను నుంచి మినహాయించడంతో ఈ విద్య ఔత్సాహికులలో విస్తరించింది.

గింజ: మాల్టు బార్లీలో మాంసకృత్తులు సుమారు 9.5–12.5 శాతం ఉండాలి. నత్రజనిని ఆలస్యంగా, అధికంగా వేస్తే మాంసకృత్తులు పెరిగి, పిండిపదార్థం తగ్గుతుంది. అటువంటి సరకును మాల్టు పరిశ్రమ తిరస్కరిస్తే రైతుకు దాణా ధరే దక్కుతుంది. మసక కోసం ఈ పరిమితిని దాటనవసరం లేదు. ఓట్లు, గోధుమ అదనపు మాంసకృత్తులను సమకూరుస్తాయి. ఇవి హాప్స్ పూలలోని పాలీఫినాల్స్‌తో కలిసి మసకను ఏర్పరుస్తాయి.

తయారీ: 20 లీటర్లకు బార్లీ మాల్టు 4 కిలోలు, ఓట్ల అటుకులు 600 గ్రాములు, గోధుమ అటుకులు 500 గ్రాములు సరిపోతాయి. మరపట్టిన మాల్టును, అటుకులను 67 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఒక గంట నానబెడితే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఓట్ల జిగురు వల్ల వడపోత నిలిచిపోకుండా శుభ్రమైన వరి ఊక కలుపుతారు. నీటిలో సల్ఫేటు కంటే క్లోరైడు రెట్టింపు ఉంటే రుచి మృదువుగా ఉంటుంది.

హాప్స్: వడకట్టిన ద్రవాన్ని గంటసేపు మరిగిస్తారు. మరిగే ద్రవంలో హాప్స్ చేదునిస్తాయి. పరిమళ నూనెలు మాత్రం ఆవిరైపోతాయి. అందువల్ల మరిగేటప్పుడు స్వల్పంగా వేసి, మంట ఆర్పి 80 డిగ్రీలకు చల్లార్చాక 80 గ్రాములు, పులియడం దాదాపు ముగిశాక మరో 120 గ్రాములు వేస్తారు. సిట్రా, మొజాయిక్ వంటి రకాలు నారింజ, మామిడి వాసనలను గుర్తుకు తెస్తాయి. ఈస్టు కలిపి 18–20 డిగ్రీల వద్ద పులియబెడతారు.

జాగ్రత్తలు: పులిసిన తరువాత గాలి సోకితే పరిమళం నశించి, రంగు గోధుమవర్ణానికి తిరుగుతుంది. హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన డెక్స్ట్రిన్లను చక్కెరలుగా విడగొట్టడం వల్ల ద్రవం మళ్లీ పులియవచ్చు. అప్పుడు మూత బిగించిన సీసా పగిలే ప్రమాదముంది. సాంద్రతామాపకం వరుసగా మూడు రోజులు ఒకే విలువ చూపిన తరువాతే సీసాలలో నింపాలి.

మన రాష్ట్రాలలో అనుమతి లేకుండా ఇంట మద్యం తయారీ నేరం. కనుక ఈ ప్రక్రియను ధాన్య నాణ్యతా పాఠంగానే గ్రహించాలి. పంట తుది వినియోగాన్ని తెలుసుకోకుండా ఎరువుల సిఫారసు చేయరాదన్నది విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు దీనినుంచి గమనించవలసిన విషయం. దాణా బార్లీకి, మాల్టు బార్లీకి ఒకే నత్రజని మోతాదు సూచిస్తే నష్టపోయేది రైతే.