వేరుసెనగ గింజలో నూనె ఎంత? అది ఎట్టిది?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతముల ఎర్ర నేలలలో వర్షాధారముగా పండు పంటలలో వేరుసెనగ ముఖ్యమైనది. మీరు కాయలను తూకమునకు అమ్ముదురు. కాని నూనె మిల్లువారికి కావలసినది కాయ బరువు కాదు, అందులోని నూనె. కనుక మీ కాయలో నూనె ఎంత కలదో, అది ఎట్టిదో తెలిసికొనుట మీకే లాభము.

నూనె శాతము

బాగుగా ముదిరి ఎండిన పప్పులో సాధారణముగా 44 మొదలు 52 శాతము వరకు నూనె యుండును. ఒక లెక్క చూడుడు. 100 కిలోల కాయలు ఒలిచిన 70 కిలోల పప్పు వచ్చి, అందు నూనె 48 శాతమున్నచో మొత్తము నూనె 33.6 కిలోలు. కాయలు సరిగా ఊరక 60 కిలోల పప్పే వచ్చి, నూనె 44 శాతమే యున్నచో 26.4 కిలోలు మాత్రమే. కాయల తూకము ఒకటే. నూనెలో 7 కిలోలకు పైగా తేడా!

నూనె గుణము

వేరుసెనగ నూనెలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఓలియిక్, లినోలియిక్ అను రెండు కొవ్వు ఆమ్లములే. సాధారణ రకములలో మొదటిది 40-50 శాతము, రెండవది 30-35 శాతము ఉండును. లినోలియిక్ ఆమ్లము గాలి సోకిన త్వరగా చెడి, నూనెకు ముక్క వాసన కలిగించును. ఓలియిక్ హెచ్చుగా నున్న నూనె ఎక్కువ కాలము నిలువ యుండును. లేత గింజలో నూనెయు తక్కువ, ఓలియిక్ ఆమ్లమును తక్కువ. తొందరపడి పెరికినచో రెండు విధముల నష్టమే.

మీరు చేయవలసినవి

1. ఊడలు దిగు సమయమున ఎకరమునకు 200 కిలోల జిప్సం వేయుడు. దాని సున్నము, గంధకము కాయ ఊరుటకు, నూనె పెరుగుటకు తోడ్పడును.

2. పంట కుంటలో నీరున్నచో కాయ ఊరు దశకు దాచి యుంచుడు. చివరి బెట్ట నూనెను తగ్గించును.

3. నాలుగైదు మొక్కలు పెరికి కాయలు పగులగొట్టి చూడుడు. నూటికి 75 కాయలలో పెంకు లోపలి వైపు నల్లబడిన పిమ్మటనే పంట తీయుడు.

4. కాయలలో తేమ 8-9 శాతమునకు తగ్గువరకు ఎండబెట్టి నిలువ చేయుడు.

కొత్త రకములు

ఓలియిక్ ఆమ్లము 80 శాతము గల వేరుసెనగను 1987లో అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మన దేశమున 2020లో విడుదలైన గిర్నార్-4, గిర్నార్-5 ఇట్టి రకములే. వీని విత్తనమును ఇతర రకములతో కలియనీయరాదు. కలిసినచో ఆ గుణమునకు ధర రాదు. మీ నేలకు తగిన రకమును గూర్చి కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానమువారిని, మీ గ్రామ వ్యవసాయ సహాయకుని సంప్రదించుడు.