గట్టుమీది మనిషి

పిల్లలూ! కొల్లేటిలో తాటిదోనె నడిపే మనిషిని మీలో కొందరైనా చూచివుంటారు. తాటిమానును తొలిచి చేసిన ఆ దోనె చాలా ఇరుకుగా వుంటుంది. కృష్ణలోనూ, తుంగభద్రలోనూ పుట్టి వుంటుంది. అది పెద్ద బుట్టలాగా గుండ్రంగా వుండి, తెడ్డుతో నడుస్తుంది. ఇవన్నీ బ్రతుకుతెరువుకు పుట్టిన పడవలు. వ్యాయామంకోసం, వినోదంకోసం తెడ్డువేసే చిన్న పడవలు మరి రెండు రకాలున్నాయి. కెనూ అనేదాని తెడ్డుకు ఒక చివరనే రెక్క వుంటుంది. కయాక్ తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. కయాక్ కూడా మొదట బ్రతుకుతెరువు పడవే. ఉత్తర ధ్రువ ప్రాంతాలలోని ఇన్యూట్ జనం దానిని సీలు చర్మంతో కట్టుకుని, అందులో వేటకు వెళ్ళేవారు.

ఇంగ్లండులో ఈ పడవలు నడిపేవారికి చాలా ఊళ్ళలో క్లబ్బులున్నాయి. 1936లో ఏర్పడిన ఒక సంఘం వీటికి పెద్దదిక్కుగా వుంటున్నది. 2024 నుంచి ఆ సంఘం పేరు పాడిల్ యూకే. ఈ క్లబ్బులలో ఎక్కువభాగం స్వచ్ఛంద సేవకులవల్లనే నడుస్తాయి. శనివారం ఉదయం పడవల షెడ్డు తాళం తీసేది పోస్టుమాను కావచ్చు. క్రొత్తవారికి తెడ్డు పట్టడం నేర్పేది ఆస్పత్రి నర్సు కావచ్చు. వీరికి జీతమూ లేదు, బత్తెమూ లేదు.

"మరి జీతం లేనివారిని జవాబు చెప్పమని ఎట్లా అడుగుతాం?" అని మీరు అడగవచ్చు. పెద్దలు కూడా అడిగే ప్రశ్నే ఇది. దీనికి జవాబు వెతికేముందు 1993లో జరిగిన ఒక సంగతి తెలుసుకోవాలి. ఇది విచారకరమైనదే. కాని పెద్దపిల్లలు తెలుసుకోదగినది.

ఆ సంవత్సరం మార్చి 22వ తేదీన, ఇంగ్లండు దక్షిణ తీరాన లైమ్ రీజిస్ అనే ఊరినుంచి ప్లిమత్ నగరపు బడిపిల్లలు ఎనిమిదిమంది కయాక్‌లలో బయలుదేరారు. వారి ఉపాధ్యాయుడూ, ఇద్దరు శిక్షకులూ వెంట వున్నారు. వెళ్ళవలసింది తీరం పొడుగునా రెండు మైళ్ళ దూరంలో వున్న చార్‌మత్ వరకే. మధ్యాహ్న భోజనానికి తిరిగి రావాలి. వారిని పంపింది స్వచ్ఛంద క్లబ్బు కాదు, డబ్బు తీసుకుని నడిపే ఒక కేంద్రం.

ఆనాడు గాలి నేలవైపునుంచి సముద్రంవైపు వీస్తున్నది. ఇది మాయదారి గాలి. గట్టు చాటున నీరు నిలకడగా కనిపిస్తుంది, లోపలికి పోయినకొద్దీ అలలు లేస్తాయి. తిరిగి రావాలంటే గాలికి ఎదురు తెడ్డు వేయాలి. ఉపాధ్యాయుని పడవ మాటిమాటికి బోల్తాపడింది. ఒక శిక్షకుడు ఆయన దగ్గర ఆగిపోయాడు. రెండవ శిక్షకురాలితోపాటు పిల్లలందరూ సముద్రంలోకి కొట్టుకుపోయారు. పడవల నోటిమీద నీరు చొరకుండా కప్పే గుడ్డలు లేవు. ఆపదను తెలియజేసే వెలుగుబాణాలు లేవు. అలలు ఒక్కొక్క పడవనే నింపివేశాయి.

గట్టుమీద యేమి జరిగింది? భోజనం వేళ దాటింది. ఎవరూ రాలేదు. అయినా తీరరక్షకులకు కబురు అందేసరికి మధ్యాహ్నం మూడు దాటింది! మార్చి నెలలో అక్కడి సముద్రం ఎంత చల్లగా వుంటుందో ఊహించండి. నలుగురు పిల్లలు బ్రతకలేదు.

విచారణలో మరొక సంగతి బయటపడింది. ఆ కేంద్రంలో పనిచేసి మానుకున్న శిక్షకులు అంతకుముందు సంవత్సరమే, జాగ్రత్తలు చాలవని యజమానికి ఉత్తరం వ్రాశారు. దానిని ఎవరూ లక్ష్యపెట్టలేదు. 1994లో ఆ కంపెనీకీ, దాని డైరెక్టరుకూ శిక్షపడింది. ఒక కంపెనీమీద నరహత్యానేరం రుజువు కావడం ఆ దేశ చరిత్రలో అదే మొదటిసారి. మరుసటి సంవత్సరం పార్లమెంటు ఒక చట్టం చేసింది. పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లలకు డబ్బు తీసుకుని ఇటువంటి సాహసక్రీడలు నేర్పేవారు లైసెన్సు పొందాలి.

అయితే, తన సభ్యులకు మాత్రమే నేర్పుకునే స్వచ్ఛంద సంఘానికి ఆ లైసెన్సు అక్కరలేదు. అంటే లైసెన్సు అధికారి వచ్చి వారి షెడ్డు చూడడు. త్రాడు చివికిందో లేదో వారే చూచుకోవాలి. సమాజానికి మేలు చేయబోయి చిక్కులలో పడినవారి విషయంలో వారి సదుద్దేశాన్ని కూడా కోర్టులు గమనించాలని అక్కడ 2015లో మరొక చట్టం వచ్చింది. అంతేకాని, ఊరికే చేసేవారికి జాగ్రత్త అక్కరలేదని ఏ చట్టమూ చెప్పలేదు. నా మట్టుకు నాకు ఇది న్యాయంగానే తోస్తుంది. నీటిలో పడిన పిల్లవాడికి, తనను తీసుకువచ్చినవారు జీతగాళ్ళా కారా అన్నదానితో పనేమున్నది?

ఇక ఒక మంచి క్లబ్బు యేమి చేస్తుందో చూద్దాం. మొదట పనులు పంచుకుంటారు. ఫలానా పని "అందరిదీ" అంటే అది ఎవరిదీ కాదు. బడి నడిపిన నాకు ఈ సంగతి బాగా తెలుసు! పడవలు చూచేది ఒకరు. పడవ ముందూ వెనుకా గాలిసంచులు వుంటాయి. పడవ నిండా నీరు నిండినా అది మునగకుండా తేలేది వాటివల్లనే. అవి ఉబ్బివున్నాయో లేదో నొక్కిచూడాలి. ఎవరికి ఉబ్బసం వున్నదో, ఎవరికి మూర్ఛ వస్తుందో తల్లిదండ్రులచేత వ్రాయించుకుని దగ్గర వుంచుకునేది మరొకరు. ఈ కాగితంలో నిజం దాచే తల్లిదండ్రులుంటారు, పిల్లవాణ్ణి రానివ్వరేమోనని. వారికి నేను చెప్పేది ఒక్కటే, దాచవద్దు.

ప్రతివారూ తేలే జాకెట్టు తొడుక్కోవాలి. యాభై న్యూటన్ల జాకెట్టు అంటారు, అనగా సుమారు ఐదు కిలోల బరువును ఎత్తేటంత శక్తి. "యాభై కిలోల మనిషిని ఐదు కిలోల జాకెట్టు ఎట్లా తేలుస్తుంది?" అని తెలివైనవారు అడుగుతారు. మన శరీరం తన బరువుకు దాదాపు సమానమైన నీటిని తొలగిస్తుంది. అందుచేత నీటిలో మన బరువు బహుస్వల్పం. తల పైకి నిలవడానికి ఆ కాస్త సాయం చాలు. కాని, స్పృహతప్పినవాణ్ణి వెల్లకిలా త్రిప్పడం దీనివల్ల కాదు, అందుకు వేరే రకం జాకెట్టు వున్నది. తొడుక్కున్నాక ఎవరిచేతనైనా భుజాల పట్టీలు పైకి లాగించి చూడండి. అది చెవులదాకా వచ్చిందంటే వదులుగా వున్నట్టే.

చలినీరు మరొక శత్రువు. నీరు మన ఒంటి వేడిని గాలికన్న సుమారు ఇరవైఅయిదు రెట్లు వేగంగా లాగివేస్తుంది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గార్డన్ గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రజ్ఞుడు తానే గడ్డకట్టే నీటిలో దిగి పరీక్షలు చేశాడు. ఆయన చెప్పిన లెక్క గుర్తుంచుకోవడం సులభం: ఒకటి, పది, ఒకటి. ఊపిరి ఎగబీల్చడాన్ని అదుపు చేసుకోవడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్ళూ మన మాట వినేది పది నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. లైమ్ రీజిస్‌లో కబురు ఆలస్యం కావడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలిసింది కదూ?

నీటిమీద నాయకుడు ముందుంటాడు, అనుభవం గల మరొకరు అందరికన్న వెనుక వుంటారు. ఆ వెనుకవారిని దాటి ఎవరూ వెనకబడకూడదు. తలలు లెక్కపెడుతూనే వుంటారు. తెడ్డును నిలువుగా ఎత్తితే "రండి" అని, రెండు చేతులతో అడ్డంగా ఎత్తితే "ఆగండి" అని అర్థం. ఈల పొడుగ్గా మూడుసార్లు ఊదితే ఆపద. ఆటకు ఊదేవాణ్ణి ఆనాటికి గట్టుమీద కూర్చోబెడతారు! నీటిలో పడినవానికోసం వెంటనే దూకరు. ముందు పిలిచి ధైర్యం చెబుతారు. అందితే తెడ్డు చాస్తారు. అందకపోతే తేలే త్రాడును సంచితోసహా విసురుతారు. అదీ చాలకపోతేనే పడవ వేసుకుని పోతారు.

చిన్న ఆనకట్ట కనిపిస్తే ఎంత చక్కగా వున్నా దాని దరికి పోరు. ఆనకట్ట అనే మన దక్షిణాది మాటనే ఇంగ్లీషువారు "అనికట్" అని తమ భాషలో చేర్చుకున్నారు. దానిమీదుగా దూకే నీరు అడుగుకు పోయి, పైకి లేచి, మళ్ళీ గోడవైపే తిరుగుతుంది. అందులో చిక్కిన మొద్దు గంటలకొద్దీ గిరగిర తిరుగుతూనే వుంటుంది. మనిషి గతీ అంతే.

అన్నిటికన్న కష్టమైన పని ఒకటున్నది. పన్నెండుమంది పిల్లలు జాకెట్లు తొడుక్కుని సిద్ధంగా నిలబడ్డారు. తల్లిదండ్రులు పది మైళ్ళనుంచి కారులో తీసుకువచ్చారు. గాలి చూస్తే బాగాలేదు. అప్పుడు నాయకుడు "ఈవేళ వద్దు" అనాలి. పిల్లలు మూతి ముడుచుకుంటారు. ఒకరిద్దరు తండ్రులు "ఈమాత్రం గాలికేనా!" అంటారు. స్నేహితుల మధ్య ఊరికే పనిచేసే మనిషికి ఈ మాట అనడం జీతగాడికన్న కష్టం. అందుకనే తెలివైన క్లబ్బులు గాలి ఎంత దాటితే ఆపాలో, నది కొలతబద్దమీద నీరు ఏ గీత దాటితే ఆపాలో ముందే వ్రాసిపెట్టుకుంటాయి. అప్పుడు "వద్దు" అన్నది మనిషి కాదు, కాగితం. ఆ కాగితాన్ని ఇంట్లో సమర్థించడం తల్లిదండ్రుల వంతు.

చివరగా గట్టుమీది మనిషి. అతను తెడ్డు పట్టడు, ఒళ్ళు తడవదు, ఫోటోలలో కనిపించడు. అతని చేతిలో ఒక కాగితం వుంటుంది. ఎవరెవరు వెళ్ళారు, ఎన్ని పడవలు, ఏ దారిన, ఎన్ని గంటలకు తిరిగి రావాలి, ఎన్ని గంటలు దాటితే ఎవరికి ఫోను చేయాలి, ఇవన్నీ అందులో వుంటాయి. చెప్పిన గడియ దాటితే అతను "ఇంకాసేపు చూద్దాం" అనడానికి వీలులేదు. ఫోను చేయవలసిందే. వారు నవ్వుకుంటూ వచ్చి "యెందుకు కంగారు పడ్డావు?" అన్నా సరే. అందరూ వచ్చాక పేరు పేరుకూ ఎదురుగా టిక్కు పెట్టి, నాయకునిచేత సంతకం చేయించుకుని, షెడ్డుకు తాళంవేసి అతను ఇంటికి పోతాడు.