నెహెమ్యా కూర్చున్న కుర్చీ

ఆదివారం రెండో ఆరాధన ముగిశాక మా సంఘ సభ్యుడొకరు నాతోపాటు బయటికి వచ్చారు. లింగంపల్లి ఎంఎంటీఎస్ అందుకోవడానికి ఆయన నాంపల్లి స్టేషన్‌కు వెళ్లాలి. ఆబిడ్స్ చాపెల్ రోడ్డులో నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించి అడిగారు. "అయ్యగారూ, అమ్మాయికి అమెరికాల ఎంఎస్ సీటొచ్చింది. నార్త్ కరోలినా ఏ అండ్ టీ యూనివర్సిటీ. కానీ అది నల్లోళ్ల కాలేజంట గదా... పంపొచ్చంటరా?"

నిజం ఒప్పుకోవాలి. 'ఇంకో కాలేజీ చూడండి బ్రదర్' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో స్టాన్లీ బాలికల పాఠశాల గోడ కనిపించింది. ఆడపిల్లకు చదువెందుకు అనే రోజుల్లో, 1895లో మెథడిస్టు మిషన్ పెట్టిన బడి అది. మా తాత చదివింది కూడా మిషన్ బడిలోనే. ఊరి బడి అరుగు మీద ఆయనకు చోటు లేదు. ఆ మిషన్ బడిని కూడా ఊరి పెద్దలు కులం పేరు పెట్టి పిలిచి నవ్వేవారట. ఏ మాట పడి మనవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారో, అదే మాట ఇంకొకరి బడి మీద విసరబోయాను. సిగ్గేసింది. "నిదానంగా నడుద్దాం బ్రదర్, ఆ కాలేజీ కథ చెబుతాను" అన్నాను.

అమెరికాలో 1865లో బానిసత్వం రద్దయినా దక్షిణాది రాష్ట్రాల కాలేజీల తలుపులు నల్లజాతివారికి తెరుచుకోలేదు. 1890లో అక్కడి కేంద్రం ఒక చట్టం చేసింది. నల్లజాతి విద్యార్థులను చేర్చుకోండి, లేదంటే వారికోసం వేరే కాలేజీ పెట్టండి, అప్పుడే నిధులిస్తామన్నది దాని సారాంశం. అలా 1891లో పుట్టి, గ్రీన్స్‌బరో పట్టణంలో స్థిరపడినదే ఈ విద్యాసంస్థ. 1896 నుంచి 1925 వరకు దాన్ని నడిపిన జేమ్స్ డడ్లీ బానిస దంపతుల బిడ్డ. 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో అసువులు బాసిన రొనాల్డ్ మెక్‌నైర్ భౌతికశాస్త్రం చదివింది అక్కడే. ఈనాడు ఆ తరగతుల్లో అన్ని జాతుల పిల్లలూ ఉన్నారు. తమకు తలుపులు మూసిన లోకానికి వారు తమ తలుపులు మూయలేదు.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు గవర్నరు చాన్సలర్. రోజువారీ భారం మోసేది వైస్ చాన్సలర్. అక్కడ ఆ భారమంతా చాన్సలర్‌దే. 2009లో ఆ బాధ్యత చేపట్టిన హెరాల్డ్ మార్టిన్ అదే ప్రాంగణంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన విద్యార్థి. పూర్వ విద్యార్థుల్లో ఆ పదవికి వచ్చిన మొదటివాడు. 2024లో ఆయన దిగిపోయేనాటికి విద్యార్థుల సంఖ్య 13 వేలు దాటింది. నల్లజాతివారికోసం పుట్టిన విశ్వవిద్యాలయాల్లో అదే అతి పెద్దదయింది.

ఆ కుర్చీ మెత్తనిది కాదు. 2023లో అమెరికా విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. 1890 చట్టం కింద పుట్టిన నల్లజాతి విశ్వవిద్యాలయాలకు న్యాయంగా రావలసినదానికంటే 1987-2020 మధ్య 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చారని లెక్క తేల్చారు. ఒక్క ఏ అండ్ టీకే దాదాపు 200 కోట్ల డాలర్లు తగ్గింది. తక్కువ పెట్టినవారి దగ్గరికే వెళ్లి, మర్యాద తప్పకుండా, తన పిల్లల వాటా అడగాలి. చాన్సలర్ పని అది.

నెహెమ్యా చేసిన పని కూడా అదే కదా! చెరపట్టబడిన జనంలో పుట్టి రాజుకు గిన్నె అందించేవాడయ్యాడు. యెరూషలేము ప్రాకారాల కోసం రాజు ముందు నోరు తెరిచి లేఖలు అడిగాడు, అడవి అధికారి నుంచి కలప అడిగాడు.  ప్రజల భారం ఎక్కువగా ఉందని పన్నెండేళ్లు అధిపతికి రావలసిన భత్యం కూడా ముట్టలేదని అయిదో అధ్యాయం చెబుతోంది. రాజు ముందు నోరు తెరవడం, ప్రజల ముందు చెయ్యి ముడుచుకోవడం! ఈ రెండూ తెలిసినవాడే నాయకుడు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. 1960 ఫిబ్రవరి 1న ఆ కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్న నలుగురు కుర్రాళ్లు తెల్లవారికి మాత్రమే వడ్డించే ఫలహారశాల కౌంటర్ దగ్గర కూర్చున్నారు. వడ్డించకపోయినా లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. పిల్లల్ని అదుపు చేయమని కాలేజీ అధిపతి వార్మత్ గిబ్స్ మీద ఒత్తిడి వచ్చింది. కాలేజీకి డబ్బిచ్చేది ప్రభుత్వం. అయినా ఆయన పిల్లల చెయ్యి వదల్లేదు. జూలైలో ఆ కౌంటర్ అందరికీ తెరుచుకుంది.

మాటల్లోనే స్టేషన్ రోడ్డుకు చేరాం. "ఇది మన ఊరి కథ కూడా బ్రదర్" అన్నాను. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో కోఠీలో ఒకనాటి బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి చేరింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. అదే ఏడాది దాని ఇన్‌చార్జి వైస్ చాన్సలర్‌గా బాధ్యతలు చేపట్టిన ఆచార్య సూర్యాధనంజయ్ లంబాడా బిడ్డ. తెల్లదొరలు దర్బారు చేసిన భవనం, దొరను ఎదిరించిన చాకలి స్త్రీ పేరు, తండా బిడ్డకు కుర్చీ! దీనుల్ని ధూళిలోంచి లేవనెత్తే దేవుణ్ని ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు.

ఆశ్చర్యమల్లా మన మరుపు గురించే. నెహెమ్యా అందరికంటే ఎక్కువగా కోప్పడింది శత్రువుల మీద కాదు. చెరలోంచి విడిపించబడి వచ్చాక, సాటి యూదుల బిడ్డల్నే అప్పుకింద దాసులుగా పట్టుకున్న స్వజనుల మీద. విడుదల పొందినవాడు ఇంకొకణ్ని చిన్నచూపు చూస్తే ఆ విడుదలకు అర్థమేముంది? మన సంఘాల్లో, మన బడుల్లో, కమిటీ కుర్చీల్లో కూర్చున్న ప్రతివారమూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. నేను ముందుగా చెప్పాలి.

ప్లాట్‌ఫారం మీద రైలు ఆగి ఉంది. ఆయన ఎక్కబోతూ వెనక్కి తిరిగారు. "అమ్మాయి కంటె ముందు నేనే చేరాల్సిన కాలేజీ లెక్కుంది అయ్యగారూ" అన్నారు. పై ఆదివారం ఆ అమ్మాయి ప్రయాణం కోసం సంఘమంతా ప్రార్థించింది. విశ్వవిద్యాలయం పేరును తండ్రే మైకులో గట్టిగా చదివి వినిపించారు.